ఈ చేతికి దవాఖానా ఏది?

ముస్లిం అస్తిత్వం అనగానే ఈ దేశంలో అందరి కళ్లూ మా తలకాయ చుట్టూ తిరుగుతాయి. టోపీ, గడ్డం, బురఖా, నాలుక మీది ఉర్దూ, కంచంలోని గొడ్డుమాంసం. మమ్మల్ని తిట్టేవాళ్లు వీటి గురించే తిడతారు. మమ్మల్ని వెనకేసుకొచ్చేవాళ్లు వీటి గురించే వెనకేసుకొస్తారు. మా మౌలానాలు జుమ్మా జుమ్మాకు వీటి గురించే బయాన్ చేస్తారు. మెడకాయ కింద మాకో వొళ్లుందనీ, ఆ వొంటికి రెండు చేతులున్నాయనీ, ఆ చేతులు ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుందనీ చెప్పేవాళ్లు తక్కువ.

నేనిక్కడ చెయ్యి గురించి మాట్లాడతాను. మిషన్ కింద నలిగిన చెయ్యి, రేకుకు కోసుకుపోయిన చెయ్యి, ఆ చేతిని గుడ్డలో చుట్టుకుని దవాఖానా గడప తొక్కితే జరిగే తతంగం - ఇదీ విషయం. అస్తిత్వ వ్యాసాల పుస్తకంలో దవాఖానా గోలేమిటని అడిగేవాళ్లు ముందు మా పేర్లు చదవండి.

దూదేకుల, లద్దాఫ్, పింజారి. ఇవి దూది ఏకే చేతుల పేర్లు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ అని ఒక గ్రూపు చేసి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితాలోకెక్కిన పేర్లలో కొన్ని చూడండి: అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజ్జాములు, ఖురేషీలు, రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, పత్తర్ ఫోడులు. గుడ్డ మీద అచ్చు వేసే చెయ్యి, గుడ్డ ఉతికే చెయ్యి, కత్తెర పట్టే చెయ్యి, మాంసం కొట్టే చెయ్యి, అరిగిన రోటికి ఉలితో గాట్లు పెట్టే చెయ్యి, రాయి పగలగొట్టే చెయ్యి. నవాబుల వారసులమని మమ్మల్ని వెక్కిరించేవాళ్లు ఈ జాబితాను ఒక్కసారి పైకి చదివితే బాగుండు. సర్కారు మమ్మల్ని గుర్తుపట్టింది చేతిని చూసే. అదే చెయ్యి తెగి సర్కారు దవాఖానాకు పోతే మాత్రం గుర్తుపట్టదు. నా కొట్లాట అక్కడ.

రోళ్లు పోయాయి. దూదేకే విల్లులు పోయాయి. చేతులు మాత్రం కొత్త పనుల్లోకి మారాయి. వెల్డింగ్ షెడ్డు, లేతు మిషన్, బీరువాల రేకులు కోసే షెడ్డు, కర్రకోత రంపం, టైర్ల షాపు, బేకరీలో పిండి కలిపే మిషన్, మాంసం దుకాణం, జరీ మగ్గం, గాజుల బట్టీ. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ దేశంలో పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి వాళ్లు. స్వయం ఉపాధి అనే మాట వినసొంపుగా ఉంటుంది. దాని అర్థం ఏమిటి? నెల జీతం లేదు. సెలవు లేదు. పీఎఫ్ లేదు. చెయ్యి ఆగిన రోజు తిండి ఆగుతుంది. జాగా లేనివాడికి, చదువు లేనివాడికి, బ్యాంకు లోన్ ఇవ్వనివాడికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి చెయ్యి. దానికి పట్టా ఉండదు. ఇన్సూరెన్సూ ఉండదు.

ఇప్పుడు ఆ చెయ్యి తెగిందనుకోండి.

జనం దేన్నయినా 'నరం తెగింది' అంటారు. అరచేతిలో తెగేవి చాలా ఉన్నాయి. వేళ్లను వంచే తాళ్లున్నాయి, వాటిని డాక్టర్లు టెండన్లంటారు. వేడీ చల్లా తెలిపే నరాలున్నాయి. నెత్తురు గొట్టాలున్నాయి. ఇవన్నీ చర్మానికి వేలెడు లోతు కూడా లేకుండా ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి. పైకి చూస్తే అంగుళం కోత. లోపల రెండు టెండన్లు తెగి ఉండొచ్చు. తెగిన టెండన్ తెగిన చోటే కూచోదు. లాగి వదిలిన రబ్బరులా వెనక్కి పోతుంది. అందుకే చేతి గాయం చూసేవాడు కుట్లు వేసే ముందు కొన్ని పనులు చెయ్యాలి. ఒక్కో వేలినీ విడిగా వంచమనాలి. మధ్య కణుపును, చివరి కణుపును వేరువేరుగా వంచమనాలి. వేలికి రెండు పక్కలా తాకి తెలుస్తోందా అని అడగాలి. ఈ అడగడం మత్తు సూది వెయ్యకముందే అడగాలి. గోరు నొక్కి వదిలి ఎరుపు తిరిగొస్తోందో లేదో చూడాలి. ఎముక అనుమానం ఉంటే ఎక్స్‌రే తియ్యాలి. దీనికి కోట్ల మిషన్లు అక్కర్లేదు. ఐదు నిమిషాల ఓపిక, రాసుకోడానికో కాగితం చాలు.

ఆ ఐదు నిమిషాలు దొరకవు.

మా ఖాలా కొడుకు సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్ల పిల్లాడు. కిటికీలకు గ్రిల్స్ చేసే షెడ్డులో పని. ఇనుము కోస్తుంటే కటింగ్ వీల్ పగిలి ఎడమ అరచేతిలోకి దూసుకుపోయింది. చేతికి గ్లౌజు లేదు, మిషన్‌కి గార్డు లేదు. తోటివాళ్లు గాయంలో కాఫీపొడి కూరి, తువ్వాలు చుట్టి, ఆటోలో వేసుకుని జిల్లా కేంద్రంలోని సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. ఆ దవాఖానా పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్కదానికే జబ్బనుకుంటారు.

రాత్రి పదింటికి క్యాజువాలిటీలో ఒక్క హౌస్‌సర్జను. ముందురోజు పొద్దున్నుంచీ డ్యూటీలో ఉన్న పిల్ల. ఆమె ముందు పురుగులమందు తాగినవాడు, గుండెనొప్పి ముసలాయన, కాన్పుకొచ్చి దారితప్పిన ఆడమనిషి. మా ఖాలాకు దుఃఖంలో తెలుగు రాలేదు. "బేటే కా హాత్ హై సాబ్, కామ్ కర్తే కర్తే కట్‌గయా" అని మొత్తుకుంటోంది. బల్ల దగ్గర కూచున్న మనిషి తలెత్తకుండానే "తెలుగులో చెప్పమ్మా" అన్నాడు. తర్వాత పిల్లాడి పేరు అడిగాడు. పేరు విన్నాక రెండో ప్రశ్న అడిగాడు.

"ఎక్కడ కొట్టుకున్నార్రా?"

గమనించండి. ఎలా తెగిందని అడగలేదు. ఎవరితో కొట్లాటని అడిగాడు. కోసిన గాయం, ముస్లిం పేరు, రాత్రి పూట - ఈ మూడూ కలిస్తే కత్తి అని ముందే రాసిపెట్టుకున్న బుర్ర అది. పోలీసుకు కబురు చెయ్యాలి, రిజిస్టరులో ఎక్కించాలి, కూచోండి అన్నారు. గంటన్నర కూచున్నారు. ఆ తర్వాత చర్మానికి ఏడు కుట్లు వేశారు. టీటీ ఇంజెక్షనిచ్చారు. కట్టు కట్టారు. పది రోజులాగి కుట్లు తీయించుకోమన్నారు. వేళ్లు వంచమని మాత్రం ఎవ్వరూ అడగలేదు.

కుట్లు తీశారు. మధ్యవేలూ ఉంగరం వేలూ వంగలేదు. వాపు తగ్గితే వంగుతాయన్నారు. నెల దాటాక, అప్పు చేసి ఓ ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తీసుకుపోతే ఆయన చేతిని తిప్పి చూసి చెప్పిన మాట ఇది. మొదటి రోజో, మొదటి వారంలోనో వచ్చి ఉంటే తెగిన రెండు కొసలూ కలిపి కుట్టేవాళ్లం. ఇప్పుడు కొసలు వెనక్కి పోయి అతుక్కుపోయాయి. ముందు సిలికాన్ కడ్డీ పెట్టి దారి చెయ్యాలి. మూడు నెలలాగి ముంజేతి నుంచో కాలి నుంచో టెండన్ తీసి అందులో వెయ్యాలి. ఆ తర్వాత నెలల తరబడి వ్యాయామం. అయినా పూర్తిగా వస్తుందని హామీ లేదు.

ఎడమ చేత్తో ఇనపకడ్డీ బిగించి పట్టలేనివాడు షెడ్డులో దేనికి పనికొస్తాడు? టీ అందించడానికి పనికొస్తాడు. వాడిప్పుడు ఆ పనే చేస్తున్నాడు.

ఇక్కడ నా హిందూ మిత్రులు కొందరు అడ్డం తగులుతారు. "పేద హిందువుకు మాత్రం ఆ దవాఖానాలో ఏం ఒరుగుతోంది? ప్రతిదాంట్లోకీ మతం లాగుతారెందుకు?" అంటారు. నిజమే. ఆ రాత్రి వరసలో ఉన్న మాదిగ కూలీకీ, చాకలి ముసలమ్మకూ ఒరిగిందేమీ లేదు. ఒక్క హౌస్‌సర్జను వంద మందిని చూడాల్సి రావడం మతం వల్ల కాదు. రాత్రిపూట చేతి గాయం తెలిసిన సర్జను లేకపోవడం మతం వల్ల కాదు. ఆ లేమి అందరిదీ. కానీ ఆ లేమి మీద మాకు అదనంగా ఒకటి పడుతుంది. అందరికీ పది నిమిషాలు ఆలస్యమైతే మాకు గంటన్నర అనుమానం. అందరినీ 'ఏమైంది' అంటే మమ్మల్ని 'ఎవర్ని పొడిచావ్' అంటారు. దళితుడికి దవాఖానాలో ఎదురయ్యే అంటరాని చూపు గురించి దళిత రచయితలు రాస్తే మనం ఒప్పుకున్నాం. మా మీద పడే అనుమానపు చూపు గురించి రాస్తే మాత్రం మతం లాగడమవుతుందా?

పోలీసు కేసు అయితే ముట్టుకోమనే మాటకు చట్టంలో చోటే లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కారు గుద్దిన స్కూటరు మనిషిని మెడికో-లీగల్ కేసంటూ 20 కిలోమీటర్ల అవతలి దవాఖానాకు పంపితే అతను చనిపోయాడన్న పత్రికా వార్త ఆ కేసుకు మూలం. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా వైద్యం చెయ్యాల్సిందే అంది కోర్టు. ఒక పత్రికా వార్త ఆ తీర్పు దాకా పోయిందని పత్రికల్లో పనిచేసే నాలాంటివాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇంకో పేరు చెబుతాను. హకీం షేక్. పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘంలో మనిషి. 1992 జూలైలో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. కలకత్తాలో ఒక సర్కారు దవాఖానా నుంచి ఇంకోదానికి తిప్పారు. ఒకచోట మంచం లేదు, ఇంకోచోట సౌకర్యం లేదు. చివరికి ప్రైవేటులో చేరి సుమారు 17 వేల రూపాయలు కట్టాడు. 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. డబ్బులు లేవనే సాకు చెల్లదంది. అతనికి 25 వేలు పరిహారం ఇమ్మంది. హకీం షేక్‌ను ముస్లిమని తిప్పి పంపారని నేను అనడం లేదు. పేదవాడని తిప్పారు. కానీ ఈ దేశంలో ప్రతి పేదవాడికీ క్యాజువాలిటీ తలుపు మీద హక్కు తెచ్చిన కేసు ఒక ముస్లిం కూలీ గాయం నుంచి పుట్టింది. షాబానో పేరు తెలియని సెక్యులర్ మేధావి ఉండడు. హకీం షేక్ పేరు ఎంతమందికి తెలుసు? మా ఆడమనిషి భరణం దేశానికి చర్చ అయింది. మా కూలీ గాయం చర్చ కాలేదు.

తలుపు తెరిచినంత మాత్రాన చెయ్యి దక్కదు. మా ఖాలా కొడుకును ఎవరూ తిప్పి పంపలేదు. చూశారు, కుట్టారు, పంపారు. కాగితం మీద వైద్యం జరిగిపోయింది. 'అరచేతిలో కోత, కుట్లు వేయబడినవి' అని చీటీ మీద రాశారు. ఆ ఒక్క ముక్క ఎంత పని చేస్తుందో చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో ఉంది. కానీ టెండన్ తెగిందని ఎవరూ రాయకపోతే ఏ ఆపరేషన్‌కు కార్డు చూపించాలి? వేళ్లు చచ్చుబడ్డాయని మొదటిరోజు కాగితంలో లేకపోతే రేపు పరిహారం అడిగేదెట్లా?

పరిహారం మాట వచ్చింది కనక ఆ లెక్క కూడా చూద్దాం. 1923 నాటి పరిహార చట్టం చేతికి ధర కట్టింది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరం వేలో చిటికెన వేలో అయితే 7. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, మూడు పోతే 30, నాలుగూ పోతే 50. వేలు ఉండీ శాశ్వతంగా పనికిరాకపోతే అది పోయినట్టే లెక్క. ఆ చట్టాన్ని తర్వాత 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. ఎందులో కలిపినా ఇలాంటి లెక్క మొదలు కావాలంటే నువ్వు ఎవరి దగ్గర పనిచేస్తున్నావో రుజువుండాలి. నలుగురు పనిచేసే రేకుల షెడ్డులో హాజరు పుస్తకం ఎక్కడిది? ఈఎస్ఐ చూసింది పదిమంది ఉన్న చోటునే.

ఇక్కడ మావాళ్ల గురించి కూడా చెప్పాలి. చాలా షెడ్లలో సేఠ్ కూడా మావాడే. పక్క సఫ్‌లో నిలబడి నమాజు చేసేవాడే. పిల్లాడి చెయ్యి తెగగానే వాడి చెవిలో ఊదే మొదటి మాట - "మిషన్ దగ్గర తెగిందని చెప్పకు బేటా, పోలీసు గొడవ. ఇంట్లో రేకు కోసుకుందని చెప్పు. ఖర్చు నేను చూసుకుంటా." ఆ ఖర్చు మొదటి కట్టుతో అయిపోతుంది. అబద్ధం మాత్రం దవాఖానా రిజిస్టరులో శాశ్వతంగా ఉండిపోతుంది. క్యాజువాలిటీలో మా పేరు మీద పడే అనుమానం ఒకవైపు, మా సేఠ్ నేర్పిన అబద్ధం ఇంకోవైపు. రెంటి మధ్యా చెయ్యి నలుగుతోంది. మతం పేరుతో అన్నదమ్ములం అనే మాట ఆ షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది.

కమ్యూనిటీ పెద్దలకు ఒక మాట. ఊరూరా మొహర్రంలో పీర్లు లేస్తాయి. పంజా, అంటే అయిదు వేళ్ల చెయ్యి. కర్బలాలో దప్పికతో అల్లాడే పిల్లలకు నీళ్లు తేబోయి రెండు చేతులూ పోగొట్టుకున్న హజ్రత్ అబ్బాస్‌ను తలుచుకుని ఏడుస్తాం. మాలా మాదిగా గొల్లా గౌడా అందరూ ఆ చేతి ముందు ఊదు వేస్తారు. ఆ చేతి కోసం ఇన్నేళ్లుగా ఏడుస్తున్న మనకు వీధి చివరి షెడ్డులో తెగుతున్న చెయ్యి కనిపించదా? మినార్ల ఎత్తు పెంచడానికి చందా దొరుకుతుంది. రాత్రిపూట ఒక అంబులెన్సుకూ, ఒక ఫిజియోథెరపిస్టు జీతానికీ జకాత్ సొమ్ము ఎందుకు దొరకదు? మా డాక్టర్లు కొందరు నర్సింగ్‌హోములు పెట్టారు. సంతోషం. అక్కడా ముందు అడ్వాన్సు, తర్వాతే సలాం.

సెక్యులర్ మిత్రులకు ఇంకో మాట. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ నెత్తురోడినప్పుడు మీరొచ్చారు. 1992 డిసెంబర్ 6 మీద రాశారు. 2002 గుజరాత్ మీద రాశారు. రాయాల్సిందే, రేపూ రాయాల్సిందే. కానీ మా నెత్తురు అల్లర్లలో కారితేనే మీ కంటికి ఆనుతుందా? అల్లరి ఎప్పుడో ఒకసారి వస్తుంది. గ్రైండరు రోజూ తిరుగుతుంది. అల్లర్లలో తెగిన చేతికి నిజనిర్ధారణ కమిటీ ఉంది. షెడ్డులో తెగిన చేతికి కనీసం ఎక్స్‌రే లేదు.

ఏం చెయ్యాలంటారా? ఆకాశం దించమనడం లేదు. మద్రాసు స్టాన్లీ ప్రభుత్వ దవాఖానాలో డాక్టర్ ఆర్. వెంకటస్వామి 1970లలోనే చేతి గాయాలకు ప్రత్యేక విభాగం నిలబెట్టారు. సర్కారు దవాఖానాలోనే, ఫ్యాక్టరీ కూలీలుండే ఉత్తర మద్రాసులోనే. పక్క రాష్ట్రం అప్పుడు చేసిన పని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పెద్ద దవాఖానాకూ ఇప్పుడైనా చేతకాదా? చేతులు కుట్టగలిగిన టీము రాత్రీ పగలూ ఉండాలి. అది లేని జిల్లా దవాఖానా, చర్మం కుట్టి చేతులు దులుపుకోకుండా, గాయం కడిగి, కట్టు కట్టి, ఏ వేలు వంగడం లేదో, ఎన్ని గంటలకు చూశారో రాసి అదే రాత్రి పెద్ద దవాఖానాకు పంపాలి. క్యాజువాలిటీ చీటీ మీద 'వేళ్ల కదలిక, స్పర్శ' అని ఒక గడి అచ్చు వెయ్యాలి. ఆ గడి నింపకుండా కుట్టు పడకూడదు. పనిచేసే చోట తెగిందా, ఎవరి షెడ్డులో అని ఇంకో గడి ఉండాలి. ఉర్దూ మాట్లాడేవాళ్లుండే పట్టణాల్లో బల్ల దగ్గర ఉర్దూ వచ్చిన ఒక మనిషి కూచోవాలి.

మా బస్తీల్లో మేం చెయ్యాల్సిందీ ఉంది. కాఫీపొడి, పసుపు, సున్నం గాయంలో కూరొద్దని చెప్పాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. బైండింగ్ వైరుతో బిగించి కట్టొద్దు. ఉంగరాలుంటే వాపు రాకముందే తియ్యాలి. వేలు తెగి పడితే పారెయ్యొద్దు. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసులో పెట్టాలి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు, తగిలితే చచ్చిపోతుంది. వేలిలో కండ ఉండదు కాబట్టి చల్లగా ఉంచితే పన్నెండు గంటలు దాటినా ఆశ ఉంటుంది. మణికట్టుకు పైన తెగితే అంత టైముండదు. ఐసు లేకుండా ఆరు గంటలు గడిస్తే ఆశ పోయినట్టే. ఈ నాలుగు ముక్కలూ జుమ్మా బయాన్‌లో చెబితే ఏ మౌలానా దీన్‌కూ లోటు రాదు.

దవాఖానా బల్ల వెనక కూచున్నవాళ్లకు చివరి మాట. మా పేరు విని కత్తి ఎక్కడుందని వెతకొద్దు. మా పేర్ల జాబితా మీ సర్కారు దగ్గరే ఉంది, అందులో ఏ చెయ్యి ఏ పని చేస్తుందో రాసి ఉంది. రాత్రి పదింటికి నెత్తురోడుతూ వచ్చిన వాణ్ని ఎక్కడ కొట్టుకున్నావని అడిగే ముందు వేళ్లు కదుపు అని అడగండి.